కొంగు కాపడం

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "పనీపాటా లేదా మీకు?" అని లేచిపోయే మనిషిని. ఇప్పుడు ఈ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. నమ్మినా నమ్మకపోయినా మీ ఇష్టం.

మాది నర్సంపేట దగ్గర పల్లె. నేను బట్టలు కుడతాను, మా ఆయన వ్యవసాయం చేస్తాడు. చిన్నప్పుడు చిర్రగోనె ఆడుతుంటే పుల్ల తగిలి ఆయన ఎడమ కన్ను పోయింది. మిగిలింది కుడి కన్ను ఒక్కటే. మొన్నటి కోతల్లో వరిగడ్డి మోపు ఎత్తుతుంటే గడ్డిపోచ ఆ కన్నునే గీసింది. నాకు చెప్పకుండా, ఎవరో చెప్పారని ఆకుపసరు పిండించుకున్నాడు. నాకు తెలిసేసరికి నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ కమ్మింది.

వరంగల్‌లో కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "పసరు పోసిండ్రా?" అంది. మేం చెప్పకముందే.

వార్డులో ఎవరిని కదిపినా ఇదే గోస. పత్తికట్టె గుచ్చుకున్నవాళ్లు, వడ్లగింజ పడ్డవాళ్లు, వెల్డింగు రవ్వ తగిలినవాళ్లు. వెంటనే వచ్చినవాళ్లు చాలావరకు చూపుతోనే ఇంటికి పోతున్నారు. పసరో చనుబాలో పోసుకుని, కన్ను పుండయ్యాక వచ్చినవాళ్ల సంగతి చెప్పుకోలేం. మా ఆయన పుండుకు బూజు పట్టిందట. మందులకు లొంగకపోతే కన్ను తీసేయాల్సి రావచ్చన్నారు. ఉన్న ఒక్క కన్నూ తీసేస్తే మనిషి ఎట్లా బతకాలి?

నొప్పికి ఆయన పగలూ రాత్రీ మూలుగుతూనే ఉండేవాడు. ఒక మధ్యాహ్నం మందు కోసం కిందికి పోయి, లైన్లో నిలబడి తిరిగొచ్చాను. చూస్తే నిమ్మళంగా పడుకుని ఉన్నాడు.

"కొంగు ఊది మంచిగ కాపినవే. పానం లేసొచ్చింది," అన్నాడు.

మా దగ్గర కంటికి దెబ్బ తగిలితే ఆడవాళ్లు కొంగును ముద్దచేసి, నోటితో వెచ్చగా ఊది అద్దుతారు. నేను ఆ పని చేయలేదు. పైగా ఆ రోజు నా ఒంటి మీద చీరే లేదు, డ్రెస్సు వేసుకున్నాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా?" అని కసిరి, ఆయన కంటి మీది మూత ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. నుదురేమో చల్లగా ఉంది. మూతకు అంటించిన ప్లాస్టరు ఎక్కడా ఊడలేదు.

ఎదురు మంచం మీద డోర్నకల్ రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవాడు. ఎవరైనా వచ్చారా అని అడిగాను.

"ఎవ్వలు రాలే బిడ్డా. నేను ఇటు దిక్కే చూసుకుంట కూసున్న," అన్నాడు.

మర్నాడు డాక్టరమ్మ పుండు కొంచెం తగ్గిందంది. మందు పనిచేసిందేమో, కాదనను. కానీ ఆ తర్వాత కూడా నేను బయటికి పోయినప్పుడల్లా, నేను కాకపోతే ఎవరో ఒకామె వచ్చి కాపిందని ఆయన చెప్పేవాడు. ముట్టుకుంటే మూత వెచ్చగానే ఉండేది.

ఎవతో నేనూ చూస్తానని పంతం పట్టి ఒకరోజు మంచం పక్కనుంచి కదల్లేదు. ఎవరూ రాలేదు. పొద్దు గూకేసరికి ఆయన నొప్పికి తాళలేక తల గోడకు కొట్టుకున్నాడు.

"నీకు దండం పెడుత, జర బయటికి పోవే," అని ఏడ్చాడు.

పోయాను. వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాను. కట్టుకున్నదాన్ని నేను. నేను దగ్గరుంటే ఆయనకు నొప్పి, నేను లేకపోతే సుఖం. రోషం పొడుచుకొచ్చింది, అంతకంటే ఎక్కువగా ఆమె రాదేమోనని భయమేసింది. కాసేపటికి లోపల మూలుగు ఆగింది. తొంగి చూస్తే పోతుందేమోనని చూడలేదు.

కన్నైతే తీయలేదు. చూపు మాత్రం రాలేదు. వెలుతురు తెలుస్తుంది, ఎదుట మనిషి కదిలితే మసకగా తెలుస్తుంది, అంతే. డాక్టరమ్మకు జరిగింది చెబితే, నొప్పిలో భ్రమలు మామూలే అంది. ఆయనది భ్రమే అనుకుందాం. మరి నా చేతికి తగిలిన వెచ్చదనం ఏమిటి? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఇంటికొచ్చాక నొప్పి మళ్లీ మొదలైంది. ఇక్కడికి ఆమె రావడం లేదు. మధ్యాహ్నం ఆయనకు బువ్వ పెట్టి, తలుపులు బార్లా తెరిచి, నేను వాకిట్లోకి వచ్చి వీధివైపు తిరిగి నిలబడతాను. లోపల మూలుగు వినబడుతూనే ఉంటుంది.

"నువ్వెవలవైనా సరే తల్లీ, నేను తిరిగి చూడ. జర లోపలికి పోవమ్మా," అని బతిమాలుకుంటాను.