జనానా వైపు అద్దం

నా జన్మలో నన్ను ఒక్క విషయంలోనే నలుగురూ తెలిసినదాన్నని ఒప్పుకున్నారు. అది మోటారు. ఆ పేరు సంపాదించడానికి నేను ఒకే ఒక్క అబద్ధం ఆడాను. దాన్ని నిలబెట్టుకోవడానికి మాత్రం ఆరు నెలలు కష్టపడ్డాను.

రెండో ప్రపంచ యుద్ధం ఆగిన మరుసటి ఏడు మా మామగారు మోటారు కొన్నారు. వరంగల్లు బజారులో మాది బట్టల దుకాణం. అప్పటికి నాకు పదహారేళ్ళు, కాపురానికి వచ్చి నాలుగు నెలలు. నేను దేన్నయినా కాస్త వింతగా చూస్తే చాలు, "మరిపెడల లేదా ఇది?" అనేది మా అత్త. నల్లా చూసినప్పుడు అదే మాట, కరెంటు దీపం చూసినప్పుడు అదే మాట. మరిపెడ మా పుట్టిల్లు. నేను పైకి నవ్వేదాన్ని గాని లోపల ఉడికిపోయేదాన్ని.

మోటారు హైదరాబాదులో ఒక నవాబుగారింటి నుంచి వచ్చింది. దాంతోపాటే దాని డ్రైవరూ వచ్చాడు, గడ్డం నెరిసిన పెద్దమనిషి. వెనక సీటుకు మూడు వైపులా నీలం పట్టు తెరలు, ముందు సీటుకూ వెనక సీటుకూ నడుమ ఇంకొక తెర. నవాబుగారి ఆడవాళ్ళది గోషా కాబట్టి వాళ్ళకు అవన్నీ కావాలి. మాకు గోషా లేదు. మా అత్త రోజూ పొద్దున వాకిట్లో నిలబడి, వీధి చివరిదాకా వినబడేట్టు కూరగాయలామెతో బేరమాడే మనిషి. అయినా ఆ తెరలు చూసిన క్షణం నుంచి, మోటారెక్కినంతసేపు మేమూ గోషా మనుషులమేనని ఆమె తీర్మానించింది. గొప్పింటి ఆడవాళ్ళు అలాగే ఉండాలని ఆమె నమ్మకం.

మొదటి రోజు డ్రైవరు భోజనానికి పోగానే ఇంట్లో ఆడవాళ్ళం ముగ్గురం మోటారు చుట్టూ చేరాం. అత్త, నేను, మామగారి అక్క. చిన్న వయసులోనే భర్త పోయి తమ్ముడి పంచన చేరిన మనిషి ఆమె, పిల్లలు లేరు. వరసకు నాకు పెద్దమ్మ. ఆమెకు దమ్ము జబ్బు. నాలుగు మెట్లెక్కితే ఛాతీలోంచి ఈల వినిపించేది. అంత ఆయాసంలోనూ ఆమెకు ప్రతిదీ తెలుసుకోవాలని ఉండేది. తలుపు తెరిచి లోపలికి తొంగిచూసి, "ఇదేందే? గదేందే?" అని అడగడం మొదలుపెట్టింది.

అత్తకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. అందుకని నా వైపు చెయ్యి చూపి, "దానికేమెర్క, మరిపెడల మోటర్లున్నయా?" అన్నది, ఎవరో నన్ను అడిగినట్టు.

"మా మేనమామకు హైదరాబాదుల మోటరున్నది. నేను శానసార్లు కూసున్న," అన్నాను.

మేనమామ హైదరాబాదులో ఉన్న మాట నిజం. ఆయన ఒక కొట్టులో గుమాస్తా. సైకిలు కూడా లేదు. ఇక నాకు మోటారుతో ఉన్న పరిచయం ఏమిటంటే, ఒకసారి మరిపెడలో బాట పక్కన ఎవరో అధికారి మోటారు ఆగి ఉంటే పోయి దాన్ని ముట్టుకున్నాను. ఎండకు కాలిన రేకు వేళ్ళు చురుక్కుమనిపించింది. అంతే.

"ఐతే చెప్పు బిడ్డా," అన్నది పెద్దమ్మ. ఆమె నన్ను పూర్తిగా నమ్మింది.

ముందు సీటు వీపుకు మూత ఉన్న చిన్న డబ్బీ ఒకటి బిగించి ఉంది. అది లవంగాలు, వక్కలు పెట్టుకునేదని చెప్పాను. సిగరెట్ల బూడిద దులిపేదని నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. అత్త అప్పుడే దాన్ని లవంగాలతో నింపింది. ప్రయాణంలో ఒకటి నోట్లో వేసుకుని మొహం చిట్లించి, "కిరాణపాయన కల్తీ చేస్తాండు," అని ఆ కొట్టు మాన్పించింది. రెండో కొట్టు లవంగాలూ అదే రుచి. ఊరంతా కల్తీలో మునిగిపోయిందని ఆమె చాలా బాధపడింది.

పైనుంచి వేలాడే పట్టీలు సద్దిమూట తగిలించుకోవడానికని చెప్పాను. హనుమకొండ దారిలో ప్రతి గుంతకూ ఆ మూట ఊగి వచ్చి అత్త చెవి మీద కొట్టేది. ఆమె కిక్కురుమనేది కాదు. మోటారులో అది తప్పదనుకున్నది.

సీటు నడుమ నుంచి కిందికి వాలే మెత్తటి దిండు ఒకటి ఉండేది, చెయ్యి ఆనించుకోవడానికి. నేను దాన్ని పెద్దవాళ్ళు కూర్చునే పీట అన్నాను. పెద్దమ్మను దాని మీద కూర్చోబెట్టాం. మా ఇద్దరికంటే జేనెడు ఎత్తున, ఊరేగింపులో అమ్మవారిలా, తల కప్పుకు ఆనించి కూర్చున్నదామె.

"తలకాయ తగులుతాంది బిడ్డా."

"గట్లనే ఉంటది పెద్దమ్మా," అన్నాను.

నాలుగో ప్రయాణంలో ఆ పీట చిటుక్కుమని, మళ్ళీ కిందికి వాలనని మొరాయించింది. పెద్దమ్మ బతికిపోయింది.

ఇక తలుపుకు రెండు పిడులు ఉన్నాయి. ఒకటి తిప్పితే తలుపు తెరుచుకుంటుందని డ్రైవరు తీస్తుంటే చూశాం. రెండోది ఎందుకని పెద్దమ్మ అడిగింది. నాకు ఏమీ తోచలేదు. ఏమీ తోచనప్పుడు భయపెట్టడం సులువు. "దాన్ని మాత్రం ముట్టొద్దు. నడిసేటప్పుడు తిప్పితే తలుపూడి పడ్తది," అన్నాను. ముగ్గురం దానికి దూరంగా జరిగాం, నేను కూడా.

"మల్ల గాలెట్ల వస్తది? ముందట అద్దాలే లేకపాయె, మనకు ఎందుకు పెట్టిన్రు?" అన్నది పెద్దమ్మ.

నిజమే, ముందు తలుపులకు అద్దాలు కనిపించడం లేదు. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ముందటిది మర్దానా. మొగోళ్ళకు గాలి గావాలె, అద్దాలుండయి. ఎనుకది జనానా. ఆడోళ్ళకు అద్దం బిగిస్తరు," అన్నాను.

అత్త తలూపింది. ఆ మాట ఆమెకు లోకంలో మిగతా ఏర్పాట్లన్నిటిలాగే సహజంగా వినిపించి ఉంటుంది.

అలా వారానికొకసారి పెద్దమ్మ మందు కోసం హనుమకొండలో హకీము దగ్గరికి పోయేవాళ్ళం, గాలి చొరని ఆ నీలం గదిలో. మామగారు ముందు సీట్లో చల్లగాలికి కునుకు తీసేవారు. ఒకసారి వెనక్కి తిరిగి, "ఉడ్కపోస్తలేదా మీకు?" అని అడిగారు. "ఏం లేదు," అన్నది అత్త, చెమటతో తడిసిన రవిక వీపుకు అంటుకుపోయి ఉండగా. మగవాళ్ళను మేము అడగం, అడగందే వాళ్ళు చెప్పరు. డ్రైవరుతో మాట్లాడటం గోషాకు విరుద్ధం.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం, హకీము దగ్గర నుంచి తిరిగి వస్తుండగా అనుకోకుండా వాన పడింది. నేను నడిమి తెర సందులోంచి ముందుకు చూస్తున్నాను. జల్లు లోపలికి కొడుతుంటే డ్రైవరు తన తలుపుకున్న రెండో పిడిని పట్టుకుని గిరగిరా తిప్పాడు. తలుపు కడుపులోంచి అద్దం పైకి లేచింది. మర్దానాకు అద్దాలున్నాయి. అన్నీ కిందికి దించి ఉన్నాయి, అంతే.

కొంగు చాటున నా పక్కనున్న పిడిని మెల్లగా అర చుట్టు తిప్పాను. తలుపు ఊడిపడలేదు. పైన వేలెడు సందు తెరుచుకుని తడి మట్టి వాసనతో గాలి వచ్చింది. అత్త కళ్ళు తెరిచేలోగా మళ్ళీ బిగించేశాను.

చెప్పాలనే అనుకున్నాను. ఆ రోజు ఇల్లు చేరేదాకా మనసులో మాటలు పేర్చుకున్నాను. కానీ అద్దం గురించి చెప్తే పీట గురించి అడుగుతారు, లవంగాల గురించి అడుగుతారు, చివరికి మేనమామ దగ్గరికి వస్తారు. "మరిపెడల లేదా ఇది?" అన్న మాట అత్త నోట వినక అప్పటికి నాలుగు నెలలైంది. ఆ నాలుగు నెలల మర్యాద వదులుకోవడం నా వల్ల కాలేదు. అద్దం దానంతటదే కిందికి పడిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. దేవుడికి మోటారు సంగతులు నాకంటే ఎక్కువ తెలిసినట్టు లేదు.

వైశాఖంలో పాలంపేట ప్రయాణం పెట్టుకున్నాం. రామప్ప గుడి చూడాలని పెద్దమ్మకు చాలా ఏళ్ళ కోరిక. ఎడ్లబండి దుమ్ముకు ఆమె దమ్ము ఆగదని ఎవరూ తీసుకుపోలేదు. మోటారు వచ్చింది గనుక, రేషను పెట్రోలు చీటీలు దాచిపెట్టి మరీ మమ్మల్ని బయల్దేరదీశారు మామగారు, తాను దుకాణం చూసుకుంటానని. చీకటి ఉండగానే లేచి పోయాం కాబట్టి పొద్దుటి ప్రయాణం బాగానే జరిగింది. గుళ్ళో ప్రతి స్తంభం దగ్గరా పెద్దమ్మ నిలబడి, రాతిని అరచేత్తో నిమిరి, "ఇదేందే?" అని నన్నే అడిగింది. నేను వాటికీ వివరాలు చెప్పాను. నాకు అప్పటికి సిగ్గు పూర్తిగా పోయింది.

తిరుగు ప్రయాణం మిట్టమధ్యాహ్నం. ములుగు దాటేసరికి మోటారు పొయ్యి మీది కుండలా కాగిపోయింది. పెద్దమ్మ ఈల మొదలైంది. కాసేపటికి మాట ఆగిపోయింది. బండి ఆపించి, కిందికి దించి, ఒక మోదుగ చెట్టు కింద కూర్చోబెట్టాం. నేను కొంగుతో విసిరాను, చేతులు నొప్పి పుట్టేదాకా విసిరాను. కొంత తేరుకుని ఆమె నా చెయ్యి పట్టుకున్నది.

"నా కడుపున పుట్టిన బిడ్డయినా ఇంత చెయ్యకపోవు," అన్నది.

నేను తల దించుకున్నాను. వినయమనుకున్నారు.

తొందరగా హకీము దగ్గరికి చేరాలని మళ్ళీ ఎక్కాం. పెద్దమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నడుమ నేను కూర్చున్నాను. డ్రైవరు తలుపులు మూశాడు, అత్త తెరలు దగ్గరికి లాగింది. రెండు మైళ్ళు పోయామో లేదో పెద్దమ్మ తల వెనక్కి వాలిపోయింది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. నోరు తెరిచి ఉంది గాని లోపలికి ఏమీ పోవడం లేదు. అత్త ఏడుస్తూ దేవుళ్ళ పేర్లన్నీ పిలుస్తోంది. పెద్దమ్మ కళ్ళు నా మీదనే ఉన్నాయి, అన్నీ తెలిసిన పిల్ల ఏదో ఒకటి చేస్తుందన్నట్టు.

ఆమె మోకాళ్ళ మీదుగా వంగి ఆ పిడిని పట్టుకున్నాను. కంగారులో ముందు అటు పక్కకు తిప్పాను, అది కదల్లేదు. ఇటు తిప్పాను. అద్దం గరగరమంటూ దిగింది. తెర లేచి కప్పుకు కొట్టుకున్నది. వేడి గాలే, దుమ్ము గాలే, కానీ గాలి. పెద్దమ్మ మొహం దానికేసి తిప్పి, పెద్దగా ఒక్క గుక్క లాగింది. ఇంకొకటి లాగింది.

"ఇదెట్ల తెరుసుకున్నది?" అన్నది అత్త.

నా నోటికి అలవాటైపోయింది. "ఊడినట్టున్నదత్తా," అన్నాను.

ముందు నుంచి, నడిమి తెర కదలకుండానే, డ్రైవరు గొంతు వినిపించింది. ఆరు నెలల్లో మాతో మాట్లాడటం అదే మొదటిసారి. "ఊడలేదమ్మా. గా పిడి తిప్పితే దిగుతది. మీరు గోషాకని మూసుకుంటున్నరనుకున్న. నేను జెప్తే బాగుండదని ఊకున్న."

అత్త తన పక్కనున్న పిడిని చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని పట్టుకుని నెమ్మదిగా తిప్పింది. అటు అద్దమూ దిగింది. ఆమె నా వైపు తిరిగి చూసింది. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

హనుమకొండ దగ్గర పడేసరికి పెద్దమ్మకు మాట వచ్చింది. కళ్ళు మూసుకునే ఉన్నది.

"ఎన్నడెర్కైంది బిడ్డా నీకు?"

ఇంకొక అబద్ధం నాలుక మీదిదాకా వచ్చింది. దాన్ని మింగేశాను. "వానపడ్డనాడు, పెద్దమ్మా."

ఆమె లెక్క వేసుకున్నట్టున్నది. "ఐతే ఇందాక చెట్టు కింద ఇసిరినప్పుడు ఎర్కనే."

"ఎర్కనే."

నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. తర్వాత ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా చెయ్యి మీద పడింది.

"ఇంక జర దించు బిడ్డా," అన్నది.

అద్దం అప్పటికే మొత్తం దిగి ఉంది. ఇంక దించడానికి లేదని ఆమెతో ఎలా చెప్పను? పిడి పట్టుకుని అద్దం జేనెడు పైకెత్తాను, మళ్ళీ జేనెడు కిందికి దించాను.

"ఆ, ఇప్పుడు మంచిగున్నది," అన్నదామె.

నేను కొంగు నోట్లో కుక్కుకుని హకీము దగ్గరికి చేరేదాకా ఏడ్చాను.