గొట్టంలో పీల్చిన కోపం

కోపమొచ్చి అన్నం మానేసినవాళ్లని చూసుంటారు, అలిగి పుట్టింటికెళ్లినవాళ్లని చూసుంటారు. కోపంలో నేను చేసిన పని మాత్రం పగవాళ్లు కూడా చేయకూడదు. తింటూ చదువుతున్నారా? చెయ్యి కడుక్కుని రండి, అప్పుడు చెప్తాను.

మా చిన్నికి నాలుగో నెల. ముదినేపల్లిలో మా అత్తవారింట్లో ఉన్నాం. పిల్లకి ముక్కు దిబ్బడ. పాలకి నోరు పెట్టడం, ఊపిరాడక వదిలేయడం, గుక్కపట్టి ఏడవడం. పొద్దుటి నుంచీ ఇదే వరస. నేను పిల్లని భుజానేసుకుని తిరుగుతుంటే, మా అత్తయ్యగారు ఆముదం గిన్నెతో ప్రత్యక్షం.

"అమ్మాయ్, ముక్కులో రెండు చుక్కలు వేస్తే ఇట్టే తగ్గుతుంది. మీ ఆయనకీ అలాగే వేసేదాన్ని."

"అందుకేనేమో, పాలు మాడినా ఆయనకి వాసన తెలీదు! నూనె వేయొద్దన్నారండీ డాక్టరు గారు. ఉప్పునీటి చుక్కలు వేసి, గొట్టంతో మెల్లగా లాగమన్నారు."

"గొట్టంతోనా! పసిదాని ముక్కేమన్నా చేపల చెరువా, ఇంజను పెట్టి తోడడానికి?"

ఒళ్లు మండిపోయింది నాకు. గొట్టం కోసం మా ఆయన్ని అప్పటికప్పుడు గుడివాడ తరిమాను. తెచ్చారు. ఒక కొస పిల్ల ముక్కు దగ్గర, రెండో కొస తల్లి నోట్లో. చీమిడి నోటిదాకా రాకుండా మధ్యలో చిన్న స్పాంజి ముక్క. శుభ్రం కదా అని అన్నీ వేడినీళ్లతో కడిగేశాను, స్పాంజితో సహా.

చుక్కలు వేసి పీల్చాను. రాలేదు. మళ్లీ పీల్చాను. బుగ్గలు లోపలికిపోయి నా మొహం ఎండుచేపలా అయింది గానీ, చుక్క రాలితే ఒట్టు. అత్తయ్యగారు ఆముదం గిన్నె వంక చూసి నవ్వారంతే. ఆ నవ్వుకి కాలిపోయాను.

"ఎక్కడ దొరికిందండీ ఈ దిక్కుమాలిన గొట్టం?" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను.

"ఊరంతా తిరిగి తెచ్చానే! నీకు పీల్చడం చేతకాక..."

"నాకు చేతకాదా? ఆ షాపాయనకి కలపండి ఫోను!"

స్పీకర్లో పెట్టి దులిపేశాను. "పసిపిల్లల వస్తువులండీ ఇవి! కాస్తయినా నీతి ఉండక్కర్లేదూ?"

"అమ్మా, ఒక్క నిమిషం. లోపలి స్పాంజి తడిసిందేమో..."

స్పాంజి అన్న మాటే నా చెవికెక్కింది. ఓహో, అడ్డం ఇదన్నమాట! పీకి అవతల పారేశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నేను అత్త మీదా, మొగుడి మీదా, షాపు మీదా ఉన్న కోపమంతా కలిపి గొట్టం మీద చూపించాను. ఒక్క పీల్పు!

ఈసారి వచ్చింది. పొద్దుటి నుంచీ రానిదంతా వచ్చింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

ఫోన్లో షాపాయన ఇంకా చెప్తూనే ఉన్నాడు. "తడిస్తే కొత్తది మార్చుకోండమ్మా. అది లేకుండా మాత్రం పీల్చకండి. అమ్మా? మాట్లాడరేం?"

ఏ నోటితో మాట్లాడను నాయనా?

పెరట్లోకి పరిగెత్తి, బిందెడు నీళ్లు పుక్కిలించి వచ్చాను. ఒళ్లో వేసుకోగానే చిన్ని గటగటా పాలు తాగి, హాయిగా నిద్రపోయింది. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డారు, భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అత్తయ్యగారు మాత్రం ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"గొట్టం మంచిదేనే అమ్మాయ్. ఉప్పు సరిపోయిందా?"

ముక్కోటి దేవతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంత కోపమొచ్చినా ఊపిరి బయటికే వదులుతాను. లోపలికి పీల్చను గాక పీల్చను.