తప్పు గదిలో మావయ్య

మా మావయ్య వెళ్ళాల్సిన గదికి వెళ్ళిన పాపాన ఎప్పుడూ పోలేదు. పక్క గదిలోకి వెళ్తాడు, వచ్చిన పని అదేనన్నంత ధీమాగా కూర్చుంటాడు. పన్ను నొప్పని వెళ్ళి, కళ్ళ డాక్టరు దగ్గర గంటసేపు అక్షరాలు చదివి వచ్చాడు. ఇంకోసారి ఎవరివో ఆస్తి పంపకాల్లో కూర్చుని అన్నదమ్ములిద్దరికీ సర్దిచెప్పి వచ్చాడు. అడిగితే, "పొరపాటున వెళ్ళానురా" అంటాడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని కోర్టుకెళ్ళడం నా ఖర్మ. ఇల్లు తన సొంతానికి కావాలని మా ఓనరు కేసు వేశాడు. కోర్టు కాగితం చూడగానే మా ఆవిడ గిన్నెలన్నీ అట్టపెట్టెల్లోకి ఎక్కించేసింది.

మావయ్య ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఖాళీ చేయాల్సిన తేదీ కాదమ్మా. మీ మాట కూడా వింటామని పిలిచిన తేదీ. పెట్టెలు విప్పు."

"ఈలోగా ఓనరు వచ్చి తాళం వేస్తే, బాబాయ్?"

"కోర్టు చెప్పకుండా వేయడానికి లేదు. కానీ ఆ రోజు వీడు వెళ్ళకపోతే మాత్రం ఇల్లు పోయినట్టే."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"ఒకసారి పొరపాటున అక్కడ కూర్చున్నానులే."

వాయిదా రోజున, "నీది ఏడో హాలు, మెట్లెక్కి కుడిచేతివైపు" అని చెప్పి, వెనక్కి తిరిగేసరికి మాయమయ్యాడు. వెతగ్గా వెతగ్గా నాలుగో హాల్లో ఓ ముసలావిడ పక్కన దొరికాడు. "పేరు పిలవగానే లేవండి. వరండాలో రాజీ కాగితమని ఏదైనా ఇస్తే, చదవకుండా సంతకం పెట్టకండి" అని ఆవిడ చెవిలో చెబుతున్నాడు.

"మావయ్యా, మనది ఏడు."

"అలాగా? నువ్వు పద, వస్తాను."

నేను పరుగెత్తుకెళ్ళేసరికి నా పేరు రెండోసారి పిలుస్తున్నారు. "ఉన్నానండి" అన్నాను. జవాబు రాసి దాఖలు చేయడానికి వాయిదా ఇచ్చారు. ఇల్లు అప్పటికి నిలిచింది.

బయటికొచ్చి బంట్రోతు మీద విరుచుకుపడ్డాను. "మా మావయ్య మళ్ళీ తప్పిపోయాడు. ప్రతి హాలుకీ పెద్ద అంకెలు రాయొచ్చుగా."

"పొద్దున మీతో వచ్చిన ఆయన తప్పిపోవడమేంటండీ?" అని బంట్రోతు నవ్వాడు. "ఈ భవనం మాకంటే ఆయనకే బాగా తెలుసు. వెనకటికి తన కేసు ఒక హాల్లో పిలుస్తుంటే, తను ఇంకో హాల్లో కూర్చున్నాడట. రాలేదని రాసుకుని తీర్పిచ్చేశారు, ఉన్న ఇల్లు పోయింది. అప్పట్నుంచీ వారానికి రెండుసార్లు వస్తాడు. బిక్కమొహం వేసుకుని ఎవరు కనిపించినా వాళ్ళ పక్కన కూర్చుంటాడు."

"మరి నన్నెందుకు వదిలేశాడు?"

"మీకు చెప్పాల్సింది ఇంటి దగ్గరే చెప్పేశాడేమో."

నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు. ఆయన మీద ఎంతో ప్రేమ పుట్టింది. వెతుక్కుంటూ వెళ్ళి రెండో హాల్లోకి తొంగి చూశాను. చంటిబిడ్డతో వచ్చిన ఓ జంట పక్కన కూర్చుని ఉన్నాడు. వాళ్ళ పేరు పిలిచారు. భర్త కొయ్యబారిపోయాడు. మావయ్య మోచేత్తో పొడిచాడు. భర్త లేచాడు, భార్య లేచింది, ఆ కంగారులో మావయ్య కూడా లేచి, అందరికంటే గట్టిగా "ఉన్నామండి" అన్నాడు.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి ముగ్గురినీ చూశారు. "మీరిద్దరూ చెప్పండి" అన్నారు. మావయ్యను కూర్చోమని గానీ, బయటికి పొమ్మని గానీ అనలేదు.