ముఖం లేని విలన్‌కు నా చేతివ్రాత

తెరమీద ఒక్కసారి కూడా ముఖం చూపించని విలన్లున్న సినిమాలను నేను నా పుస్తకంలో విడిగా నమోదు చేస్తాను. నా దృష్టిలో అవి తూకం తక్కువైన సినిమాలు. నాయకుణ్ణి రెండున్నర గంటలపాటు అన్ని పక్కలనుంచీ చూపించి, అతణ్ణి ముప్పుతిప్పలు పెట్టేవాణ్ణి మాత్రం ఒక నీడగా, ఒక జత బూట్లుగా, ఫోనులో ఒక దగ్గుగా సర్దిపెడతారు. ఆ ముఖాన్ని ప్రేక్షకుడే ఊహించుకోవాలి. ఊహించుకుని అతడే భయపడాలి. మరి దర్శకుడు చేసిన పని ఏమిటి?

ఉద్యోగంలో చేరిన ఏడాది మొదలుపెట్టిన ఈ సినిమా పుస్తకాలు ఇప్పటికి ఏడయ్యాయి. సినిమా పేరు, హాలు, పక్కన కూర్చున్నవారు, విలన్ మొదట కనిపించిన నిమిషం అని నాలుగు గడులు. నాలుగో గడిలో ‘కనిపించలేదు, అభ్యంతరం’ అని వ్రాయవలసి వచ్చిన ప్రతిసారీ నాకు కోపం వచ్చింది. అయితే న్యాయంగా ఒక విషయం ఒప్పుకోవాలి. అటువంటి విలన్లలో ఒకడి కుడిచెయ్యి నాది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్లకూ హాస్టళ్ళకూ నడుమ ఉన్న ఒక సందులో మా అపార్ట్‌మెంటు. నాలుగంతస్తులు, పదహారు ఫ్లాట్లు. లక్డీకాపూల్ ఆఫీసులో రికార్డు విభాగంనుంచి పదవీ విరమణ చేసిన నెలలోనే నన్ను ఇక్కడ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. నాకన్నా తీరిక ఉన్నవాడు దొరకలేదన్నది నా భార్య అభిప్రాయం. మినిట్సు పుస్తకం, మోటారు పుస్తకం, ట్యాంకు వంతుల పుస్తకం నా చేతిలోకి వచ్చాయి. మేడమీది ఒంటి గదిలో అప్పట్లో ఒక అసిస్టెంట్ డైరెక్టర్ అద్దెకుండేవాడు. నోటీసు బోర్డుమీద నా వ్రాత చూసి, ఒక పూట షూటింగుకు రమ్మని బతిమాలాడు.

పంజాగుట్టలో ఒక పాత ఇంట్లో షూటింగు. విలన్‌గా అనుకున్న నటుడు మరో సినిమాకు వెళ్ళిపోయాడట. ఇక విలన్ అసలు కనిపించడు, అదే ఈ సినిమాలో కొత్తదనం అని దర్శకుడు ఆ ఉదయమే తీర్మానించాడు. గొంతు యూసుఫ్‌గూడలో ఉండే ఒక డబ్బింగ్ కళాకారుడిది. బూట్లలోని కాళ్ళు వ్యాను డ్రైవరువి. దగ్గు దర్శకుడు స్వయంగా దగ్గాడు. చెయ్యి నాది. ఒక్క దుర్మార్గుణ్ణి తయారుచెయ్యడానికి నలుగురు సంసారులం పట్టాం.

నల్ల అట్ట రిజిస్టరు ఒకటి నా ముందు పెట్టి, అయిదు పేర్లు వ్రాసి ఒక్కొక్కటే కొట్టెయ్యమన్నారు. అంతే పని. నేను పేజీ చూసి కలం కింద పెట్టేశాను.

“వరుస సంఖ్య గడి ఏదీ?” అని అడిగాను.

“చంపేవాడికి వరుస సంఖ్య ఎందుకండీ?” అన్నాడు దర్శకుడు.

“ఒకే పేరుతో ఇద్దరుంటే ఎవరి సంగతి పూర్తయిందో రేపు చూసేవాడికి ఎలా తెలుస్తుంది?”

నాకు తెలిసిన పద్ధతిలోనే వ్రాశాను. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, తేదీ. తరువాత స్కేలు ఆనించి ఎర్ర సిరాతో గీత కొట్టి, పక్కన ‘చర్య పూర్తయినది’ అని వ్రాసి పొట్టి సంతకం పెట్టాను. కొట్టివేత పక్కన సంతకం లేకపోతే ఆ కొట్టివేత చెల్లదు. దర్శకుడు ఒక్క అక్షరం కూడా మార్చవద్దని తనవాళ్ళకు చెప్పాడు. ఆ తరువాత భోజనాల దగ్గర నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

సినిమాను పంజాగుట్టలోనే, మధ్యాహ్నం ఆటకు, భార్యాసమేతంగా చూశాను. తెరమీద నా చెయ్యి స్కేలు ఆనించగానే ముందు వరుసలో ఒకావిడ కొంగుతో కళ్ళు మూసుకుంది. ముప్ఫయి మూడేళ్ళ సర్వీసులో నా పని చూసి అంతగా చలించిన మనిషి మరొకరు లేరు. చివర పేర్లలో టీ ఇచ్చినవాడి పేరు కూడా ఉంది, నాది లేదు. ఇంటికి వచ్చి నాలుగో గడిలో ‘కనిపించలేదు, అభ్యంతరం’ అనే వ్రాశాను. చెయ్యి నాదే అయినంత మాత్రాన చెయ్యి ముఖం కాబోదు.

చూడనివాడంటే భయం ఎందుకన్న ప్రశ్న నాకు సినిమాలకన్నా ముందు ఆఫీసులోనే ఎదురైంది. మా పై అధికారి వేరే గేటునుంచి వచ్చి, వేరే లిఫ్టులో పోయేవాడు. ఫైళ్ళు మాత్రం పచ్చ సిరాతో ‘మాట్లాడుము’ అన్న ఒక్క మాట మోసుకుని కిందికి దిగేవి. ఎవరితో, దేనిగురించి మాట్లాడాలో ఉండేది కాదు. ఆ మాట చూసి సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నవాళ్ళను నేనెరుగుదును. ఆయన లిఫ్టు పాడైన రోజున మా లిఫ్టు ఎక్కాడు. పొట్టి మనిషి. టిఫిను డబ్బా మూత రావడం లేదని నా చేతికిచ్చాడు. తీసి ఇచ్చాను. ఆనాటినుంచి పచ్చ సిరా నన్నేమీ చెయ్యలేకపోయింది.

సినిమా ఒక వారం ఆడి పోయింది. అందరితోపాటు నేనూ మరిచాను. ఈమధ్య అది ఫోన్లలోకి వచ్చింది. మూడో అంతస్తులో, కంప్యూటర్ కోచింగ్ నడిపే ఆయన కూతురు ఒకరోజు ఫోను పట్టుకుని నోటీసు బోర్డు ముందు నిలబడి, ఒకసారి అది, ఒకసారి ఇది చూస్తోంది. బోర్డుమీద ఉన్నది ట్యాంకు వంతుల జాబితా. ఆదివారం ట్యాంకు కడిగేవాడు వచ్చినప్పుడు ఒక ఫ్లాటువారు దగ్గరుండి చూసుకోవాలి. వంతు అయిపోయినవారి పేరు స్కేలుతో ఎర్రగా కొట్టి, ‘చర్య పూర్తయినది’ అని వ్రాసి, పొట్టి సంతకం పెడతాను.

“తాతా, గా సినిమాల చంపేటోడు మీరేనా?” అని అడిగింది.

నేను వెంటనే ఒప్పుకున్నాను. సినిమా పుస్తకం తెచ్చి, అది నమోదైన పేజీ చూపించాను కూడా. సాయంత్రానికి పదహారు ఫ్లాట్లకూ తెలిసిపోయింది. ఊరుకుంటే పోయేదానికి పుస్తకం తెచ్చి మరీ చూపించాలా అని నా భార్య ఆ రాత్రంతా సణిగింది.

పదకొండేళ్ళుగా ఎవరూ చదవని నోటీసులను ఒక్క వారంలో అందరూ చదివారు. స్కూటర్లు గీత లోపల నిలిచాయి. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. పై బాల్కనీలనుంచి కింది బాల్కనీలమీదికి కారే తడిబట్టలు మాయమయ్యాయి. నా ఒళ్ళు మండిపోయింది. మర్యాదగా వ్రాసినన్నాళ్ళూ లేని గౌరవం, లేనేలేని ఒక హంతకుడికి దక్కింది.

ఇంతలో రెండో అంతస్తు ఆయన ఆదివారం తన వంతు పూర్తిచేశాడు. నేను గీత కొట్టాను. సోమవారం పంజాగుట్ట మెట్రో మెట్లమీద ఆయన కాలు బెణికింది. కట్టుతో ఇంటికి వచ్చినవాడు లిఫ్టు ఎక్కకుండా ముందు బోర్డు దగ్గరికి వెళ్ళి తన పేరు చూసుకున్నాడు. మరుసటి ఆదివారం వంతుకు ఎవరూ రాలేదు. వంతు చేస్తే పేరు కొట్టేస్తానని భయం. ఆపై ఆదివారమూ అంతే. దగ్గర మనిషి లేనిదే కడిగేవాడు ట్యాంకు మూత తియ్యడు. నీళ్ళు వాసన కొట్టసాగాయి. బల్కంపేట బోనాలు దగ్గరపడ్డాయి. ప్రతి ఇంటికీ చుట్టాలు రాబోతున్నారు.

దాంతో సమావేశం పెట్టారు. ఎజెండాలో ఒకటే అంశం: కార్యదర్శిని తప్పించడం, పుస్తకాలు మూసేసి అన్నీ ఫోను గ్రూపులో పెట్టుకోవడం. పైకి నిబ్బరంగానే ఉన్నాను. కాని ఆ మూడు పుస్తకాలు పోతే పొద్దున లేచి నేను చెయ్యవలసిన పని అంటూ ఏదీ మిగలదు. ఆ సంగతి నా భార్యకు తెలుసు. సమావేశానికి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది.

ఆదివారం పదింటికి సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కోచింగ్ ఆయన లేచి, చేతులు కట్టుకుని, సాధ్యమైనంత మెత్తగా చెప్పాడు.

“సార్, మీరంటే మాకు మస్తు ఇజ్జత్. గని గీ రాతపని బంద్ జేద్దాం. అన్నీ ఫోన్ల పెట్టుకుందాం. మీకు సుత జర ఆరాం ఉంటది.”

మొదటి అంతస్తులో ఉండే గోదావరి జిల్లా ఆవిడ చెయ్యెత్తి బలపరిచింది. ఆమె వెనుక ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. నేను లెక్కపెట్టలేదు.

మా నిబంధనల ప్రకారం ఏ తీర్మానమైనా, అది కార్యదర్శిని తొలగించేదే అయినా, పదవిలో ఉన్న కార్యదర్శే సమావేశంలో తన చేత్తో మినిట్సు పుస్తకంలో వ్రాయాలి. ప్రతిపాదించినవారి పేరు, బలపరచినవారి పేరు లేకపోతే తీర్మానం లేదు. వాళ్ళు చెప్పిన విషయమంతా ఒక్క మాట తగ్గించకుండా, నాకు వ్యతిరేకంగా, అందంగా వ్రాశాను. తరువాత తల ఎత్తాను.

“ప్రతిపాదించినవారు మీరే కదా. పూర్తి పేరు, తండ్రి పేరు చెప్పండి.”

కోచింగ్ ఆయన చూపు రెండో అంతస్తు ఆయన కాలికున్న కట్టుమీద పడింది. “నా ఒక్కని పేరెందుకు సార్? అందరు అని రాయిండ్రి.”

“అందరూ అనే పేరుగల ఫ్లాటు మన దగ్గర లేదు.”

“మా నాయినను సుత ఎందుకు గుంజుతరు సార్ గిందులకు? ఊర్ల మంచిగున్నడు ఆయన.”

కూతురు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను గోదావరి ఆవిడవైపు తిరిగాను.

“నేను చెయ్యెత్తానంతేనండీ,” అందావిడ. “పేరిస్తానని ఎప్పుడన్నాను? మా ఆయన రేపు బండిమీద విజయవాడ వెళ్తున్నారు.”

పేరుకు బదులు ఫ్లాటు నంబరు వ్రాయవచ్చు కదా అని ఎవరో వెనుకనుంచి అన్నారు. ఎవరి నంబరన్నది తేలలేదు. పావుగంట ఎదురుచూశాను. కలం పేజీకి తగిలినప్పుడల్లా ఒక కుర్చీ వెనక్కి జరిగింది. చివరికి ‘ప్రతిపాదకులు లేనందున తీర్మానము వీగిపోయినది’ అని వ్రాసి, నా పేరుతోనే సంతకం చేసి పుస్తకం మూశాను.

అలా నా పదవి నాకు మిగిలింది. నా పనికి విలువ ఇచ్చి ఉంచారా? లేదు. నలుగురు మనుషుల అతుకుల విలన్ అడ్డుపడి నన్ను కాపాడాడు. ఈ అవమానాన్ని ఏ గడిలో వ్రాయాలో తెలియక ఒక రోజంతా కూర్చున్నాను.

ఇక ట్యాంకు మిగిలింది. కొత్త జాబితాకు పేర్లు అడిగితే పదిహేను ఫ్లాట్లూ ఒకే మాట అన్నాయి: పేరు తప్ప ఏదైనా అడగండి. పదహారో ఫ్లాటు మాది.

“పుస్తకం దక్కింది గదా,” అంది నా భార్య. “పోయి ట్యాంకు కాడ నిలబడుండ్రి ఇగ.”

ఆ తరువాతి ఆదివారం నిలబడ్డాను. కడిగించాను. దిగి వచ్చి, ఒకటో వరుస సంఖ్యలో నా పేరు, మా తండ్రిగారి పేరు, తేదీ వ్రాసి, స్కేలు ఆనించి ఎర్ర గీత కొట్టి, ‘చర్య పూర్తయినది’ అని పొట్టి సంతకం పెట్టాను. రెండునుంచి పదహారువరకు గడులన్నిటిలోనూ నా పేరే ఉంది.

మరునాడు సోమవారం. రోజూ మెట్లమీదుగా దిగి పాలకు వెళ్ళే నేను ఆ ఉదయం లిఫ్టులో దిగాను. అందులో రెండో అంతస్తు ఆయన ఉన్నాడు. ఇద్దరం బోర్డువైపు చూడకుండా బయటికి నడిచాం.