ఆయుధపూజ నాటికి తుపాకీ

నార్సింగి దాటాక ఉన్న మా ఊళ్లో, జొన్నచేనిలోకి వచ్చే అడవిపందులను బెదరగొట్టడానికి మా నాయన లైసెన్సు మీద తీసుకున్న జోడుగొట్టాల తుపాకీ ఒకటి ఉండేది. ఆయన తరువాత అది అన్న పేరిట మారింది. పందులు పోయాయి, చేను పోయింది. ఆ నేలమీద ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. అయినా ప్రతి దసరాకూ అన్న దానిని నూనెగుడ్డతో తుడిచి, కొడవలి, గొడ్డలి పక్కన ఆయుధపూజ పీట మీద పెట్టేవాడు. నాయన చేతి వస్తువులలో మాకు మిగిలినవి అవే.

ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు తుపాకులను ఠాణాలో అప్పగించాలి. కిందటి ఎన్నికల ప్రకటన వెలువడిన మరునాడే, ఎవరూ పిలవకముందే, అన్న వెళ్లి ఇచ్చి వచ్చాడు. అది అక్కడ ఉండగానే లైసెన్సు గడువు ముగిసింది. పునరుద్ధరణకు దరఖాస్తు చేస్తే, లైసెన్సులిచ్చే కార్యాలయంవారు తుపాకీ తెచ్చి చూపమన్నారు. ఠాణావారు కొత్త లైసెన్సు చూపితేనే తుపాకీ ఇస్తామన్నారు. ఆ ముడి విప్పడానికి రెండు చోట్లకూ నేనే తిరిగాను.

ఎవరు ఏమన్నదీ తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. మొదట పదిహేను రోజులన్నారు. తరువాత నెల అన్నారు. ఆపైన దరఖాస్తు ఆన్‌లైన్‌లో మళ్లీ పెట్టమన్నారు. పెడితే, గడువు అప్పటినుంచే లెక్క అన్నారు. ఇదేమి న్యాయమని నా కాగితాలు చూపి అడిగాను.

"రాసుకున్నరు గద సారూ, మంచిదే. ఇంకింత రాసుకోండ్రి" అన్నాడు గుమాస్తా. పక్కనున్నవాళ్లు నవ్వారు.

విచారణకు కానిస్టేబులు ఇంటికి వచ్చి, పాత లైసెన్సు చూస్తూ అన్నను అడిగాడు.

"తాతా, పంట రక్షణకని ఉన్నది ఇండ్ల. పంటేది?"

"పంట లేదు బిడ్డా. గా మేడలున్నయి చూడు, గదే మా చేను."

"మరి తుపాకీ ఎందుకు?"

"మా నాయనది. దసరాకు పూజ జేసుకుంట."

ఆత్మరక్షణకని చెప్పమని నేను ఎంత చెప్పినా అన్న నోట అబద్ధం రాలేదు. దస్త్రం మళ్లీ మొదటికి వచ్చింది.

అప్పటికే అన్నకు గుండెజబ్బు. "ఒక్క దసరాకన్న ఇస్తరారా? నాకింక ఎన్ని పండుగలున్నయి?" అనేవాడు. ఒక దసరా తుపాకీ లేకుండానే గడిచింది. మరుసటి దసరా వారం ఉందనగా అనుమతి వచ్చింది. అంతకాలం ఎందుకు ఆగిందో, అప్పుడెందుకు కదిలిందో ఎవరూ చెప్పలేదు.

ఠాణా వెనకగదిలో, వాన కారే మూల నుంచి తీసి ఇచ్చారు. ఇంటికి వచ్చి అన్న గుడ్డ విప్పాడు. గొట్టాల నిండా తుప్పు. రోజూ అరుగు మీద కూర్చుని నూనె పెట్టి రుద్దాడు. ఆయాసం వస్తే ఆగి, మళ్లీ రుద్దాడు. తుప్పు ఇనుమును తినేసింది.

పూజనాడు పీట మీద కొడవలి, గొడ్డలి మాత్రమే పెట్టాడు.

"తుపాకీ ఏదన్నా?" అన్నాను.

"తుప్పు వట్టినదాన్ని అమ్మవారి ముంగట ఎట్ల వెడ్తరా? నాయన జూస్తే ఊకుంటడా?"

పండుగ వెళ్లగానే దానిని సర్కారుకే ఇచ్చేస్తానన్నాడు. తుప్పు పట్టించినందుకు ఠాణావారి మీద ఫిర్యాదు రాశాను, సంతకం పెట్టమన్నాను. వినలేదు. ఆటోలో దానిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"వాపస్ ఇస్తవా తాతా? ఫికర్ లేదు, గిప్పుడే తీస్కుంటం, కూసో" అన్నాడు ఠాణాలో మనిషి. మాకు తెప్పించిన చాయ్ చల్లారకముందే పని అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అన్న జేబులోని నూనెగుడ్డను తీసి, ఇల్లు చేరేదాకా మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాడు.