తేనెపిట్ట కూర్చున్న పుల్ల

లాండ్రీ వాళ్లిచ్చే తీగ హ్యాంగర్ కనబడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది.

విదేశంలో, బిషాన్ అనే పేటలో మా ఫ్లాట్ కిటికీ బయట, కారిడార్‌లో అమ్మ మందార కుండీలు పెట్టింది. తేనెపిట్టలు వచ్చేవి గానీ నిమిషం నిలిచేవి కావు. అవి కూర్చోవడానికని నేను హ్యాంగర్ వంచి, సాటే మాంసం ముక్కలు గుచ్చే పుల్ల కట్టి కిటికీ ముందు వేలాడదీశాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మూడో రోజున పసుపు పొట్ట పిట్ట ఒకటి వచ్చి కూర్చుంది.

ఆ ఆదివారం నేను లేచేసరికి నాన్న దాన్ని విరిచి చెత్తబుట్టలో వేస్తున్నాడు. సాఫ్ట్‌వేర్ జోరుగా ఉన్న రోజులవి. తంజోంగ్ పగార్‌లోని ఆఫీసు వదిలి ఆయన ఇంట్లో ఉండేదే తక్కువ.

"ఎందుకు తీశావ్?" అని అరిచాను.

"అక్కడ వద్దమ్మా."

"నీకు ఆఫీస్ తప్ప ఏదీ అక్కర్లేదు! ఐ హేట్ యూ, లా!" అన్నాను, బడిలో పిల్లల యాసలో.

నాన్న చెత్తబుట్ట మూత వేసేశాడు. రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు నేను.

మొన్న ఫోన్‌లో మాటల మధ్య అమ్మ చెప్పింది. ఆ పొద్దున పిట్ట పుల్ల మీంచి ఎగిరి కిటికీ అద్దానికి కొట్టుకుని చచ్చిపోయిందట. నేను లేవకముందే నాన్న దాన్ని కుండీలో పాతిపెట్టాడట.

"నీ వల్లే పోయిందని నువ్వు ఏడుస్తావని నాన్న నన్ను చెప్పనివ్వలేదే," అంది.

ఆ రెండు వారాలూ ఆఫీసుకి వెళ్తూ ఆయన నా తలుపు దగ్గర ఆగి, "వెళ్లొస్తానమ్మా," అనేవాడు. నేను మొహం తిప్పుకునేదాన్ని. ఒక్కరోజైనా నిజం చెప్పి నా కోపం దించాల్సింది.