ఆటకెత్తిన గెడ

ఏడేళ్లుగా నా దగ్గర ఒక మాట ఉంది. పెద్దదేం కాదు, నాలుగే పదాలు. మా ఆవిడకి చెప్పలేదు. ఆదివారం చర్చిలో అందరం తలలు వంచి, ఎవరి తప్పులు వాళ్లు మనసులో ఒప్పుకునే రెండు నిమిషాలుంటాయి, అప్పుడు కూడా చెప్పలేదు. ఆ రెండు నిమిషాలూ నేను ముందు బల్ల మీద కూర్చున్నాయన చొక్కా కాలర్ చూస్తూ గడిపేస్తాను. మనసు మీద బరువు అంటారు. నాకది బరువనిపించడం కూడా మానేసి చాలా కాలమైంది. తిమ్మిరెక్కిన కాలు ఎలా ఉంటుంది? మనదే, కానీ గిల్లినా తెలియదు. అలా ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే మొహం చూస్తూ చెప్పాలి. నాకంత ధైర్యం లేదు.

మాది రాజోలు వైపు, ఏటిగట్టుకి దగ్గర. ఉన్న ఇంట్లోనే రెండు గదులు బాగు చేయించి, ఊళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లకి ఇచ్చేవాణ్ణి. శీతాకాలం బాగానే నడిచేది. కాలవలో పడవ, కొబ్బరితోటలో భోజనం, అరిటాకులో ఫొటో. వానాకాలం వస్తే మాత్రం గదులు తాళం వేసి ఉండేవి. గోదావరికి వరదొచ్చే రోజుల్లో కోనసీమకి ఎవరొస్తారు?

వచ్చేవాళ్లున్నారని తర్వాత తెలిసింది. ముంబయి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. యాభై దాటినావిడ, మాటల్లో చాలా మర్యాద. ఆవిడా, ఆవిడ స్నేహితులు ముగ్గురూ గుళ్లూ గోపురాలూ చూడరట. భూకంపం వచ్చిన పల్లెలు చూశారు. యుద్ధంలో కాలిపోయిన పట్నం చూశారు. కష్టంలో ఉన్న మనుషులు ఎలా బతుకుతారో దగ్గరనుంచి చూడాలట, ప్రయాణం అంటే అదేనట. మీ లంకల్లోకి నీళ్లొచ్చినప్పుడు మమ్మల్ని తీసుకెళ్తారా అని అడిగారు. తీసుకెళ్తానన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ ఏడాది రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పగానే నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. వరదొచ్చిందని సంబరంగా కబురు పెట్టినవాణ్ణి మా మండలం మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

వచ్చిన రోజు సాయంత్రం అరుగు మీద కాఫీ తాగుతూ వాళ్లకి లంకల సంగతులు చెప్పాను. గెడ సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే ఎంత బాగుండేది.

గట్టుకి అవతల ఏటి మధ్యలో ఉన్న మా ఎదురు లంకలో పాత అలవాటొకటుంది. నీళ్లు చుట్టుముట్టేవేళకి ప్రతి ఇంట్లోనూ ఒక పొడుగాటి వెదురు గెడ, ఒక ఎర్ర దుప్పటి సిద్ధంగా ఉంచుకుంటారు. ప్రాణం మీదికి వస్తే దుప్పటిని గెడకి కట్టి ఇంటి కప్పు మీద ఎత్తుతారు. గట్టు మీద నుంచి అది కనిపించగానే, ఎంత పనిలో ఉన్నా పడవవాళ్లు ఆ ఇంటికి వెళ్తారు. కరెంటు పోయిన రెండో రోజుకి సెల్‌ఫోన్లు చచ్చిపోతాయి గనక ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. చిన్న చిన్న వాటికి గెడ ఎత్తరు. బియ్యం అయిపోతే ఎత్తరు. ఆవు కొట్టుకుపోయినా ఎత్తరు. మనిషికైతేనే.

ఆవిడ కాఫీ పక్కన పెట్టేసి, అది మేం చూడొచ్చా అన్నారు.

మర్నాడు వాళ్లని తెడ్డు పడవలో ఆ లంకలోని మరియమ్మగారింటికి తీసుకెళ్లాను. ఆవిడా, ఆవిడ భర్త అబ్రహాంగారూ ఇద్దరే ఉండేవారు. కూతురు కువైట్‌లో పని చేస్తోంది. ఆ అమ్మాయి పాస్‌పోర్టు పనులకి నేను అమలాపురం చుట్టూ నాలుగైదు సార్లు తిరిగాను. అందుకని నేనంటే ఆ ఇంట్లో చాలా గౌరవం. ఆ ఇంటినే ఎందుకు ఎంచుకున్నానో ఇప్పుడు నన్నడిగితే, లంక చివర విడిగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది అంటాను. అది సగం నిజం. వాళ్లు నాకు కాదని చెప్పలేరు. అది మిగతా సగం.

గెడ ఎత్తమని అడిగితే మరియమ్మగారు మొహం మాడ్చుకున్నారు.

“ఉత్తినే ఎత్తకూడదండి బాబూ. మా అత్తగారున్నప్పుడు పిల్లలు ముట్టుకుంటేనే కొట్టేసేవోరు.”

“ఫొటోకేనండి పిన్నిగారూ. కాసేపే.”

పక్కనుంచి ముంబయి ఆవిడ, ఏమంటున్నారు, ఇష్టం లేదేమో కనుక్కోండి, ఇష్టం లేకపోతే వద్దు అన్నారు. అది కూడా మీకు చెప్పాలి. ఆవిడ అడిగారు. మేమిలా రావడం వీళ్లకి బాధగా ఉండదు కదా అని కూడా అడిగారు. ఆవిడకి తెలుగు రాదు. వాళ్లకి సంతోషమే, ఇంత దూరం నుంచి తమ కోసం వచ్చారని మురిసిపోతున్నారు అని నేను హిందీలో చెప్పాను. రెండు భాషలూ తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఏ మాట ఎటు వెళ్లాలో నా చేతిలో ఉంది. ఒక మాటని మధ్యలో ఆపేశాను.

అబ్రహాంగారే గెడ ఎత్తారు. పోనీలేవే, బాబుగారు అడుగుతున్నారు గదా అని. మెట్లెక్కి, చిన్న డాబా మీద గెడ పట్టుకుని నిలబడ్డారు. పది నిమిషాల్లో గట్టు వైపు నుంచి సత్తిబాబు ఇంజను పడవ దూసుకుంటూ వచ్చింది. వాళ్లు అది కూడా ఫొటోలు తీశారు. సత్తిబాబు పడవ దిగుతూనే ఎవరికేమైందండీ అన్నాడు. విషయం తెలిశాక నా మొహంలోకి చూడలేదు. దుప్పటి వైపే చూస్తూ, “ఇవి ఆటకెత్తేవి కాదండి” అన్నాడు. సాయంత్రం వెలుగులో ఇంకొన్ని ఫొటోలు కావాలట, అప్పటిదాకా ఉంటుందిలే, నువ్వు కంగారుపడకు అని చెప్పి పంపేశాను.

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఇంతవరకూ చేసిందంతా తెలివితక్కువతనం. ఇంతవరకైతే నేను ఎవరికైనా చెప్పుకోగలిగేవాణ్ణి. చెప్పుకున్నాను కూడా.

మర్నాడు పొద్దున్న ముంబయివాళ్లు వెళ్లిపోయాక, వాళ్లు చెప్పగా వచ్చిన రెండో గుంపు దిగింది. ఆరుగురు. నీళ్లు రాత్రికి రాత్రి ఇంకా పెరిగాయి. తెడ్డు పడవలు ఆ ప్రవాహానికి నిలవవు. గవర్నమెంటు పడవలు కింది లంకలకి వెళ్లిపోయాయి. రేవులో ఉన్న ఇంజను పడవ సత్తిబాబుది ఒక్కటే. దాన్ని నేను మాట్లాడి పెట్టుకున్నాను. తొమ్మిదవుతోంది. ఆరుగురూ లైఫ్ జాకెట్లు వేసుకుని పడవెక్కి కూర్చున్నారు. సత్తిబాబు ఇంజను తాడు లాగబోతూ ఆగాడు.

“మరియమ్మగారింటి మీద గెడ లేచుందండి. వీళ్లని దింపేసి ఓసారి చూసొచ్చేత్తాను.”

నేను అటు చూశాను. ఏటి అవతల, కొబ్బరి చెట్ల సందులో, ఎర్రగా ఉంది.

“నిన్నటిదే. ఇంకా దించలేదు” అన్నాను.

“ఆయ్” అన్నాడు. పడవని రెండో వైపుకి తిప్పాడు.

మేం మధ్యాహ్నం రెండింటిదాకా తిరిగాం. మునిగిన బడి చూశాం. కప్పు మీద మేకల్ని చూశాం. వచ్చినవాళ్లలో ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను ఆయనకి మంచినీళ్లు ఇచ్చాను. ఆ ఐదు గంటల్లో నేను ఆ లంక వైపు ఎన్నిసార్లు చూశాను? ఒక్కసారి కూడా చూడలేదు. చూడకూడదని ఎవరూ చెప్పకుండానే నా మెడ అటు తిరగలేదు. మెడకి తెలుసు.

మేం తిరిగొచ్చేసరికి గట్టు మీద జనం ఉన్నారు. తెల్లవారుజామున అటక మీద ఎండు కొబ్బరి మట్టల్లో చెయ్యి పెట్టినప్పుడు అబ్రహాంగారిని కట్లపాము కరిచింది. మరియమ్మగారు తనొక్కరే గెడ ఎత్తి, అది పడిపోకుండా పిట్టగోడకి కట్టి, ఆయన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని పడవ కోసం చూశారు. ఒంటి గంటకి కింది నుంచి తిరిగొస్తున్న గవర్నమెంటు పడవవాళ్లు చూసి వెళ్లారు. గట్టు చేరేలోపే ఆయన పోయారు.

తొమ్మిదింటికి సత్తిబాబు వెళ్లి ఉంటే బతికేవారా? తెలియదు. ఏడేళ్లలో ఒక్క డాక్టరునీ అడగలేదు. మా తమ్ముడి మావగారు డాక్టరే, పండగలకి వస్తారు, పక్కపక్కన కూర్చుని తింటాం. ఆయన్ని కూడా అడగలేదు. అడిగితే ఏదో ఒకటి తేలిపోతుంది. అడగనంతకాలం అటూ ఇటూ కాకుండా ఉండొచ్చు. నేను అక్కడే కాపురం పెట్టాను.

నలభయ్యో రోజున జ్ఞాపకార్థ కూటం పెట్టారు. ఫ్లెక్సీకి ఫొటో కావాలన్నారు. అబ్రహాంగారిది మంచి ఫొటో ఇంకేం లేదు, ముంబయి ఆవిడ పంపినదే ఉంది. గెడ పట్టుకుని డాబా మీద నవ్వుతూ నిలబడినది. ఫొటో స్టూడియోవాడు మొహం వరకూ కత్తిరించి వేశాడు. అయినా భుజం పక్కన, ఒక మూల, ఎర్రటి ముక్క కొంచెం మిగిలిపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ నేను ఆ ముక్కనే చూశాను.

భోజనాలయ్యాక మరియమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. నన్ను తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే నేను చెప్పేసేవాణ్ణేమో. అలా అనుకోవడం కూడా ఇప్పుడు సుఖంగానే ఉంటుంది.

“బాబూ, నేను ఆటకెత్తనిచ్చేను గదండీ. అందుకే నిజంగా ఎత్తినప్పుడు ఎవరూ రాలేదు. నిన్నటిదే అనుకున్నానని సత్తిబాబు ఒకటే ఏడ్చేడు. వాడి తప్పేముందండి? మా అత్తగారు చెప్పనే చెప్పేరు. వినలేదు. ఆయన్ని నేనే చంపుకున్నాను.”

“అలా అనుకోకండి పిన్నిగారూ” అన్నాను.

అంతే అన్నాను. అలా అనుకోకండి. ఎంత తేలిక మాటో చూడండి. ఎవరైనా ఎవరితోనైనా అనొచ్చు. నిన్నటిదే అని తనతో చెప్పింది నేనని సత్తిబాబు ఆమెకి చెప్పలేదు. నా మీద గౌరవంతో చెప్పలేదో, నేను చెప్పింది నిజమే అనుకుని చెప్పలేదో. ఆ తర్వాత నా పనికి పడవ తేలేదు. రోడ్డు మీద కనబడితే మాత్రం ఇప్పటికీ సైకిల్ దిగి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారానికి నేను తిరిగి నమస్కారం పెడతాను.

వరద టూర్లు ఆపేశానని మీకు చెప్పాలని ఉంది. ఆపలేదు. ఇంకో రెండేళ్లు నడిపాను. వేరే ఆయన పెద్ద పడవలతో దిగాక నా దగ్గరికి రావడం మానేశారు, అందుకని ఆగింది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన ఏడాది వరదకి మరియమ్మగారింట్లోకి నడుం లోతు నీళ్లొచ్చాయి. జ్వరంతో రెండు రోజులు డాబా మీద ఉండిపోయారు. గెడ ఎత్తలేదు. ఎవరో పశువుల కోసం వెళ్లి, చూసి తీసుకొచ్చారు. కూతురు కువైట్ నుంచి నాకు ఫోన్ చేసింది. అన్నయ్యగారూ, మీరు చెబితే అమ్మ వింటుంది, ఈసారైనా గెడ ఎత్తమని చెప్పండి అంది. వెళ్లాను. ఆ గెడకి కొడవలి కట్టి కొబ్బరికాయలు దింపుకుంటున్నారు ఆవిడ. నేను చెప్పిందంతా విన్నారు. చివర్లో, “నేనెత్తిన గెడకి విలువ లేదండి బాబూ, నేనే పోగొట్టుకున్నాను” అన్నారు. కాఫీ ఇచ్చారు. తాగి వచ్చేశాను.

ఆమె గెడ మళ్లీ ఎత్తాలంటే ఒకే ఒక్క మాట చాలు. అది ప్రపంచంలో నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఈ ఏడు కూడా నీళ్లొస్తాయి. నిన్న గట్టు మీద ఇసక బస్తాలు దింపుతున్నారు.

ఈ మాట ఆమెకి చెప్పవలసింది. మీకు చెప్పడం తేలిక గనక ముందు మీకు చెబుతున్నాను. దీంతో ఏదో తీరిపోతుందని కాదు. తీరదు. ఇంతసేపు చుట్టూ తిరిగి రాశాను గానీ, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఇప్పటికీ ఆగుతోంది.

గెడ ఆటకెత్తిన రోజు సాయంత్రం, ఫొటోలయ్యాక, ఐదు గంటలకి మేం పడవలో బయల్దేరాం. అబ్రహాంగారు డాబా మీద గెడని మెల్లిగా వంచారు. మరియమ్మగారు ముడి విప్పి, దుప్పటిని నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని కిందికి దిగారు. నేను పడవలో వెనక్కి తిరిగి కూర్చుని ఉన్నాను. వాళ్లకి చెయ్యి కూడా ఊపాను.

గెడ దించడం నేను చూశాను.